నర్సిములు చేని పూరేడు పిట్టలు

పూరేడు పిట్టను నేను మొదటిసారి చూసింది చేనులో కాదు, బొంబాయి నాగ్‌పాడా బజారులో. వల కప్పిన వెదురు బుట్టలో ఒకదాని మీద ఒకటి ఎక్కి, గాలి కోసం మెడలు చాస్తున్నాయి. మా ముత్తాతలు పాలమూరు నుంచి బొంబాయికి రాళ్లు మోయడానికి వచ్చినవాళ్లు. కామాఠిపుర చాల్‌లో, ఒకే వరండాకు వరసగా ఉన్న ఒంటి గదుల్లో పుట్టి పెరిగిన నాకు పొలం అంటే అమ్మమ్మ చెప్పే కబుర్లే. అలాంటిదాన్ని పక్షుల చదువు చదివాను. రైతుల చేలల్లో పూరేడు పిట్టలను మళ్లీ నిలబెట్టే పనిలో బతుకంతా గడిపి, ఈమధ్యే రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతాల గురించి, హోదాల గురించి మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్క చేను సంగతి.  

రాజవ్వ చూపిన దారి

పులుల కోసం పనిచేసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అడవి సర్కారుది. పూరేడు అలా కాదు. జొన్న చేలో, కంది సాళ్ల మధ్య, గట్టు మీది గడ్డిలో బతుకుతుంది. అంటే ఎప్పుడూ ఎవరో ఒకరి పట్టా భూమిలోనే గుడ్లు పెడుతుంది. ఆ మనిషి ఒప్పుకోకపోతే మీ చదువంతా గట్టు ఇవతలే ఆగిపోతుంది.

మొదటి ఏడు పాలమూరు వైపు ఊరూరా తిరిగాను. పిట్టల కోసం గట్ల మీద గడ్డి కొయ్యొద్దు, మందు కొట్టొద్దు అంటే జనం నవ్వారు. కొందరు భూమి గుంజుకోవడానికి వచ్చామనుకుని తలుపులేసుకున్నారు. దిగాలుగా ఇంటికొస్తే, చాల్‌లో మా పక్క గదిలో ఉండే రాజవ్వ కనిపెట్టింది.

"గంత ఫికర్ ఎందుకే భారతీ? మా కోడలు ఎల్లమ్మకు అన్న ఉన్నడు గద, నర్సిములు. సొంత చేను. నేను ఫోన్ చేసి చెప్త. మా మాట కాదంటడా?" అంది.

నర్సిములు కాదనలేదు. చెల్లెలి అత్తగారి మాట మీద బస్టాండుకు వచ్చి నన్ను తీసుకెళ్లాడు. నడివయసుకు ఇంకా రాని మనిషి, మాటలు తక్కువ. చేనంతా చూపించి, గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"చిన్నప్పుడు మొదటి వాన పడంగనే గీ గట్ల పొంట ఒకటే కూత మేడం. నాయిన నాగలి ఆపి ఇనేటోడు. పత్తి వచ్చినంక ఒక్కటి గూడ కూయదు."

ఆ మాట విన్నాక నాకు వేరే చేను వెతకాలనిపించలేదు.

కర్వే సర్ పంపిన అట్టపెట్టెలు

మా సంస్థ డైరెక్టర్ కర్వే సర్ బొంబాయి ఆఫీసులో ఉండేవారు. చెడ్డ మనిషి కాదు. పూరేడు కూతను పెదవులతో అచ్చంగా పలికేవారు. ఆయన కూతకు మోసపోయి పిట్ట గడ్డిలోంచి కాళ్ల దగ్గరకు నడిచి రావడం నా కళ్లతో చూశాను. కానీ ఆయనకు ఓపిక లేదు. విరాళాలిచ్చేవాళ్లు చేను చూడటానికి వస్తున్నారని తెలిసి, గట్ల మీద గడ్డి ఇంకా మోకాలెత్తు లేవకముందే, ఒక ఫారం నుంచి, చూడటానికి పూరేడులాగే ఉండే పెంపుడు కౌజు పిట్టలను అట్టపెట్టెల్లో తెప్పించారు.

"సర్, ఇవి మన పిట్టలు కావు. దాక్కోవడం తెలియదు, సరిగా ఎగరలేవు. ఒకవేళ బతికినా అడవి పిట్టలతో కలిసి జాతిని పాడుచేస్తాయేమో" అన్నాను.

"చూసేవాళ్లకు పిట్ట కనబడాలి భారతీ. గడ్డిని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు" అన్నారాయన.

అతిథులు పెట్టెలు తెరిచారు. పిట్టలు బయటికొచ్చి ఎగరలేదు. మేత వేస్తారనుకుని వాళ్ల బూట్ల వెంట నడవసాగాయి. అందరూ నవ్వారు, ఫొటోలు దిగారు. ఆ నవ్వులు ఆగకముందే ఊరకుక్కలు వచ్చాయి. వాటి వెనక గద్దలు. ఎక్కడున్నాయో అప్పటిదాకా, ఆకాశమంతా అవే. పిట్టలు పరుగెత్తలేదు, గడ్డిలో నక్కలేదు. ఉన్నచోటే ముడుచుకుని కూర్చున్నాయి. కూర్చున్నవాటిని కూర్చున్నట్టే ఎత్తుకుపోతుంటే, అతిథుల్లో ఒకావిడ ముఖం కప్పుకుని కారెక్కేసింది. ఒక పిట్ట వచ్చి నర్సిములు పంచె అంచు కింద దూరింది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని బిత్తరపోయి నావైపు చూశాడు.

"మేడం, గివి పిట్టలా, కోళ్లా? పానం మీదికొచ్చినా ఉరుకుతలెవ్వేంది?"

మర్నాడు గట్ల పొడవునా ఈకలే.

ఒక మాట గట్టిగా చెబుతాను. పిట్టను తెచ్చి వదలడం మన పని కాదు. అది తమాషా. చోటు చేయడం మన పని. చోటుంటే పిట్ట తనంతట తాను వెతుక్కుంటూ వస్తుంది. రాకపోతే చోటు ఇంకా కుదరలేదని అర్థం. మళ్లీ గట్టు దగ్గరికే వెళ్లాలి.

మొదటి కూత

ఆ తర్వాత కర్వే సర్ చాలాకాలం ఆ చేను వైపు రాలేదు. అదే మాకు మేలైంది. గట్ల మీద రేగు కంపలను, తంగేడును నరకకుండా ఉంచాం. వానలు వెళ్లేదాకా గడ్డి కొయ్యలేదు. జొన్న కోసిన చోట ఒక పట్టీ మేర కొయ్యకాళ్లు దున్నకుండా వదిలేశాం. గడ్డిమందు, పురుగుమందు గట్ల దరిదాపులకు రానివ్వలేదు.

పూరేడు తల్లి దుబ్బు అడుగున నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు తొలి రోజుల్లో గింజ సరిపోదు, పురుగులు కావాలి. అంటే పూరేడును కాపాడటమంటే ముందు పురుగును కాపాడటం. ఈ మాట ఒక రైతు కళ్లలోకి చూసి చెప్పడానికి ధైర్యం కావాలి. అది విని చేను అప్పగించడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి. పక్కవాళ్లు నర్సిములును పిట్టలోడని ఎగతాళి చేశారు. అతను పట్టించుకోలేదు.

కొన్ని వానాకాలాలు ఊరికే గడిచాయి. తర్వాత ఒక ఏడు, తొలకరి పడిన మర్నాడు, నర్సిములు ఫోన్ చేశాడు.  ఫోన్‌ను గట్టు వైపు పట్టుకున్నాడు. మా చాల్ వరండాలో, కొళాయి దగ్గర బిందెల చప్పుడు మధ్య, ఆ కూత విన్నాను. చెంబు కింద పెట్టి ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

తర్వాత పక్క రైతులు కూడా గట్లు వదిలారు. పిట్టలు ఎక్కడికి పోతున్నాయో, మళ్లీ వస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి కొన్నింటి కాళ్లకు అంకెలున్న చిన్న అల్యూమినియం కడియాలు వేసేవాళ్లం. నర్సిములు పిట్టను గుప్పిట్లో పట్టుకునేవాడు, నేను కడియం నొక్కి మూసేదాన్ని. ఆ రోజుల్లోనే నన్ను మేడం అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టాడు. "ఇవి నీ పిట్టలు నర్సిములూ. నీ చేను లేకుంటే ఇవి లేవు" అనేదాన్ని నేను. మా సంస్థ ఊరి గోడల మీది రాతల్లో కూడా అదే మాట రాయించింది: నీ చేను, నీ పిట్ట.

ఎంత ముద్దుగా ఉందో ఆ మాట!

తొట్టెల నాటి గిన్నె

ఎల్లమ్మకు రెండో కాన్పు బొంబాయిలోనే అయింది. రక్తం తక్కువై మనిషి బాగా నీరసించింది. బిడ్డను తొట్టెలో వేసే వేడుకకు నేను కూడా వెళ్లాను. ఆ చిన్న గదిలో గల్లీ అంతా ఉన్నట్టుంది. నర్సిములు పుట్టింటి తరఫున బట్టలు, ఎండుకొబ్బరి కుడుకలు పట్టుకుని పాలమూరు బస్సులో వచ్చాడు. నన్ను చూసి, "అక్కా, ఈసారి కూతలు మస్తున్నయ్" అన్నాడు సంబరంగా.

ఆడవాళ్లు తొట్టె చుట్టూ పాట అందుకున్నారు. రాజవ్వ ఒక గిన్నెలో వేడి వేడి రసం పోసి నా చేతిలో పెట్టింది.

"తాగే భారతీ. బాలింతకు బలం అని నర్సిములు ఊరికెల్లి తెచ్చిండు. బొంబాయిల యాడ దొరుకుతది గిది? ఎండల వానల తిరిగేదానివి, నువ్వు గూడ తాగు."

నాటుకోడి అనుకున్నాను. మిరియాలు, ధనియాలు వేసి కమ్మగా ఉంది. సగం తాగాక పంటికింద టక్కుమంది. ఎముక ముక్క అనుకుని వేలితో తీశాను. తెల్లగా మెరిసింది. కొంగుతో తుడిచాను. అంకెలున్నాయి.

నా చెవుల్లో పాట ఆగిపోయింది. చుట్టూ పెదవులు కదులుతున్నాయి, నాకేమీ వినబడటం లేదు. అది మా కడియం. నా చేత్తో నొక్కి మూసిన కడియం. నేను తాగుతున్నదేమిటో అప్పుడు తెలిసింది. జనాన్ని తోసుకుని నీళ్లు పోయే మోరీ దగ్గరికి పరుగెత్తి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

నర్సిములు వెనకే వచ్చాడు.

"ఏమైందక్కా? కారం ఎక్కువైందా?"

అరచేయి తెరిచి చూపించాను. భయపడతాడనుకున్నాను. అతను తేలిగ్గా నవ్వాడు.

"ఓ, కడెమా! చూస్కోలే. కాళ్లు గూడ రసంల ఏసినట్టున్నరు."

"నువ్వే పట్టినవా నర్సిములూ?"

"వలేసి పట్టిన. చెల్లెకు సరిపోయేటన్నే. గట్లెందుకు చూస్తున్నవక్కా?"

"ఇది నేరం. ఉచ్చులేస్తే జైలని ఊరందరికీ చెప్పిన గద!"

"గది బయటికెల్లి వచ్చి ఉచ్చులేసేటోళ్లకు అనుకున్న." అతని నవ్వు ఆగిపోయింది. "నా పిట్టలని నువ్వే అంటివి గద? నా మ్యాకను నేను కోస్కుంటే ఎవడన్న అడుగుతడా? పక్కోడు నవ్వినా మందు కొట్టలే. గడ్డి కొయ్యలే. ఇన్నేండ్లు సాదిన. చెల్లె లేవలేక పండుకున్నది. నా చేన్ల పెరిగింది దానికి తెచ్చి పెట్టిన. తప్పేందక్కా?"

నిజంగానే తెలియక అడుగుతున్నాడు.  ఇన్నేళ్లు ఒకే గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం. నేను చూస్తున్న పిట్ట వేరు, అతను చూస్తున్న పిట్ట వేరు. గడ్డి గురించి, పురుగు గురించి ఎన్ని గంటలు మాట్లాడుకున్నామో. ఈ పిట్టలు పెరిగాక ఏం చేద్దామనుకుంటున్నావని మా సంస్థలో ఒక్కరూ అతన్ని అడగలేదు.

ఫిర్యాదు

కర్వే సర్‌కు జరిగిందంతా చెప్పాను. చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. కడియం వేసిన పిట్ట చచ్చిందని తెలిసి దాచిపెడితే ఆ పని చేయడానికి నేను తగను. నర్సిములుతో, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడదాం, గోడ మీది రాతలు చెరిపేద్దాం, చట్టం ఏమంటుందో విడమరిచి చెబుదాం అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇది బయటపడితే విరాళాలిచ్చేవాళ్లు ఒక్కరు కూడా మిగలరు. మనమే ముందు ఫిర్యాదు చేస్తే మన చేతులు శుభ్రం."

"సర్, గట్లు మనవి కావు. ఆ ఊరు బెదిరిపోతే పిట్ట ఎక్కడుంటుంది?"

"చట్టం చట్టమే భారతీ. నువ్వే కదా నేరమన్నావు?"

ఆ సాయంత్రానికే అటవీ శాఖకు ఫిర్యాదు వెళ్లిపోయింది. ఇంత తొందరగా ఆయన ఏ పనీ చేయడం నేను చూడలేదు.

అటవీ సిబ్బంది నర్సిములును తీసుకుపోయి పొద్దంతా కూర్చోబెట్టి, కేసు రాసి పంపారు. నేను ఊరు చేరేసరికి వారం దాటింది. బస్సు దిగి నడుస్తుంటేనే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. దారి తప్పి వేరే చోటికి వచ్చాననుకున్నాను. భాద్రపదంలో నిండు పచ్చగా ఉండాల్సిన గట్లు తుప్పు పట్టిన ఇనుములా ఉన్నాయి. నర్సిములువి మాత్రమే కాదు. పక్క చేనువి, దాని పక్కవి, చూపు ఆనినంత మేర ఊరి గట్లన్నీ. కేసు సంగతి విన్న రైతులంతా గడ్డిమందు కొట్టేశారు.

నర్సిములు వీపున మందు డబ్బాతో ఆఖరి గట్టు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఇదేం పని నర్సిములూ?" అన్నాను.

"గడ్డి ఉంటే పిట్టలుంటయ్ మేడం. పిట్టలుంటే కేసులుంటయ్. ఇగ గడ్డి లేదు. పిట్టల్లెవ్వు. మమ్ములను ఎవడు పట్టుకపోతడో చూస్త."

కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను భయపెట్టింది. నేను వంగి ఒక ఎండిన దుబ్బును పక్కకు తీశాను. అడుగున మచ్చల గుడ్లు. తల్లి లేదు. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. రాయిలా చల్లగా ఉంది. అతను చూశాడు. మందు పారే గొట్టం చేతిలోంచి జారింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాకు చూపియ్యకు మేడం. పో ఈడికెల్లి."

నేను వెళ్లిపోయాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే గుడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది.

బొంబాయిలో రాజవ్వ నాతో మాట మానేసింది. మానేసే ముందు చాల్ అంతా వినేలా ఒక్క మాటంది: "మా ఇంట్ల తాగి మా మీదనే కేసు పెట్టిస్తివి. తిన్నింటి వాసాలు లెక్కవెట్టినవ్ గదనే!" నేను ఫిర్యాదు చేయలేదని చెప్పినా ఎవరు నమ్ముతారు? ఎల్లమ్మ మాత్రం మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుని పక్కకు జరిగేది. తనకోసం తెచ్చిన రసం వల్లే అన్నకు ఈ గతి పట్టిందని ఆమె దిగులు. నన్ను తిట్టినా బాగుండేది.

నర్సిములు వాయిదాలకు తిరిగాడు. సేద్యం వెనకబడింది. చివరికి చేను బీడు వదిలేసి, పెళ్లాంతో కలిసి బొంబాయి వచ్చి సెంట్రింగ్ పనిలో చేరాడు. మా సంస్థ ఆ ఊరిని వదిలేసి వేరే జిల్లాలో కొత్త పని మొదలుపెట్టింది. అక్కడికి నేనే వెళ్లాను. మొదటి రోజే, టీ తాగకముందే, రైతులతో చెప్పేశాను: "ఈ పిట్టలు మీ చేలో ఉంటాయి. కానీ మీవి కావు. పట్టకూడదు. ఇది ఇష్టమైతేనే మాట్లాడుకుందాం." సగం మంది లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లతో చేసిన పని ఈనాటికీ నిలిచింది.

అడవి పిట్టను పట్టడాన్ని నేను సమర్థించను. కానీ రైతు భూమి మీద పనిచేసేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పిట్ట ఉండటం వల్ల రైతుకు ప్రమాదమని ఒక్కసారి అనిపించిందా, అతను పిట్టను చంపడు. పిట్ట ఉండే చోటును చంపుతాడు. దానికి ఏ చట్టంలోనూ శిక్ష లేదు.

ఆఖరి వానాకాలం

రిటైరయ్యే ముందు ఏదో పని మీద అటు వెళుతూ, ఉండబట్టలేక ఆ ఊళ్లో దిగాను. నర్సిములు చేను దున్నక ఏళ్లయింది. తంగేడు తలెత్తు పెరిగింది. గడ్డి నడుము దాకా ఉంది. రోడ్డు మీదే నిలబడ్డాను. లోపల ఎక్కడో ఒక పిట్ట కూసింది. దానికి ఇంకొకటి. ఆ పక్క నుంచి మరొకటి. కాసేపటికి ఎటు వినాలో తెలియలేదు. మేము ఉన్న ఏళ్లలో ఎన్నడూ అన్ని కూతలు వినలేదు. మా అందరి చదువు, కడియాలు, విరాళాలు ఏవీ లేకుండా, ఒక రైతు బతకలేక వదిలి వెళ్లిన చోట అవి వర్ధిల్లుతున్నాయి. సంతోషించాలో ఏడవాలో తెలియక ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాను.

తిరిగొచ్చాక నర్సిములును వెతుక్కుంటూ వెళ్లాను. నాగ్‌పాడాలో పాత బిల్డింగ్ కూల్చి కొత్తది లేపుతున్న చోట పనిచేస్తున్నాడు. అన్నం వేళ. కూలీలంతా పలకల మీద కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు. ఇన్నేళ్ల తర్వాత నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, చేతుల నిండా సిమెంటు. 

"నీ చేను మీంచి వచ్చిన నర్సిములూ. పూరేళ్లు వచ్చినయ్. చేనంత అవే కూస్తున్నయ్."

 అతని కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది.

"నిజంగనా?"

"నిజం. నా చెవులతోని ఇన్న."

ఆ ముఖంలో వెలుగు రావడం చూశాను. అది ఎంతోసేపు నిలవలేదు. చుట్టూ ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు. దగ్గరకు జరిగి, గొంతు బాగా తగ్గించాడు.

"అక్కా, గీ ముచ్చట ఎవ్వలకు చెప్పలే గద?"

చెప్పలేదన్నాను. మా సంస్థకు కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను కాబట్టే ఇందులో ఆ ఊరి పేరు లేదు. అతని పేరు కూడా నర్సిములు కాదు.